స్నేహితుల చెవులతో విన్న అరవైల పాటలు

1960 నుంచి 1969 వరకు వచ్చిన తెలుగు సినిమా పాటలను, వచ్చిన వరుసలోనే, వీలైనంతవరకు రికార్డుల మీదనే వినాలని ఉద్యోగ విరమణ చేసిన ఏడాది అనుకున్నాను. ఈ పాటలు ఫోనులో దొరుకుతాయి. కాని అక్కడ 1957 పాట పక్కన 1974 పాట వస్తుంది, దాని వెనకే నిన్నటిది. ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ఒక సంగీత దర్శకుడు ఏడాదికేడాది ఎలా మారాడో, ఒక గాయని గొంతు ఎప్పుడు కుదురుకుందో, ఒక కవి మద్రాసులో ఎప్పుడు అడుగుపెట్టాడో పట్టుబడదు. హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఏళ్ళ తరబడి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, దేన్నయినా వరుసలో పెట్టి చూసుకుంటే తప్ప నాకు తృప్తి ఉండదు.

నా దగ్గర ఉన్నవి మా నాన్నగారు కొన్న ఒక పెట్టెడు రికార్డులు. వాటిలో 1962 నిండుగా ఉంది, 1963 దాదాపు లేదు, 1966 తరువాత ఏమీ లేదు. ఆ ఖాళీలు పూరించే రికార్డులు నా స్నేహితుల ఇళ్ళలో ఉన్నాయి. రాజమండ్రిలో ఒకరి దగ్గర, విజయనగరంలో ఒకరి దగ్గర, చెన్నైలో మరొకరి దగ్గర. పార్సిల్లో తెప్పించుకోవచ్చు కదా అన్నారు కొందరు. లక్క రికార్డు జారిపడితే పింగాణీ పళ్ళెంలా పగులుతుంది. అందుకని నేనే టర్న్‌టేబుల్, ల్యాప్‌టాప్ సర్దుకుని బయలుదేరాను.

రికార్డుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వినడంలో సగం పని అక్కడే ఉంది. పాశ్చాత్య దేశాలు వదిలేసిన 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, మన దేశంలో అరవైల్లోనూ వస్తూనే ఉన్నాయి. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చువేసినవి. పది అంగుళాల రికార్డు మీద ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. అంతకన్నా చాలా పొడవైన పాటను రెండు వైపులకు పంచవలసి వచ్చేది. వాటితోపాటే ఇ.పి.లనే ఏడు అంగుళాల చిన్న రికార్డులు అమ్ముడయ్యేవి, అవి నిమిషానికి 45 చుట్లు తిరుగుతాయి. 78 రికార్డు గాడి వెడల్పుగా ఉంటుంది కనుక దాని ముల్లు వేరు. కొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యింట మూడు వంతులు ఉండాలి. ఇ.పి.లకు, ఎక్కువ పాటలు పట్టే పెద్ద ఎల్.పి.లకు వాడే ముల్లు అందులో మూడో వంతు, అంతకన్నా తక్కువ. సన్నముల్లుతో 78 రికార్డు వింటే ముల్లు గాడి అడుగున దుమ్ములో పాకుతుంది, పాట కన్నా గరగరే ఎక్కువగా వినిపిస్తుంది.

వేగం ఇంకో సంగతి. గీతలు గీసిన కాగితపు చక్రాన్ని టర్న్‌టేబుల్ మీద పెట్టి, మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే నియాన్ దీపం కింద చూడాలి. ఆ దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. చక్రం మీద 77 గీతలుంటే, నిమిషానికి 78 చుట్ల దగ్గర అవి కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. ముందుకు జరుగుతుంటే వేగం ఎక్కువ, వెనక్కు జరుగుతుంటే తక్కువ. కొత్త ఎల్.ఇ.డి. దీపాల్లో చాలావాటి కింద ఈ పరీక్ష కుదరదు కనుక చిన్న నియాన్ దీపాన్ని వెంట పెట్టుకునే తిరిగాను. ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఒకటే జవాబు. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. అప్పుడు వినిపించేది ఘంటసాల గొంతు కాదు. తుడవడంలోనూ జాగ్రత్త కావాలి. లక్కను స్పిరిట్ కరిగిస్తుంది, కాబట్టి దాన్ని దగ్గరకు రానివ్వకూడదు. డిస్టిల్డ్ వాటరులో రెండు చుక్కల సబ్బుద్రావకం వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంటే తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి.

రాజమండ్రి స్నేహితురాలు, నేను ఎమ్మెస్సీలో ఒకే గదిలో ఉన్నాం. ఆమె దగ్గర రికార్డులతోపాటు ఇంకో సంపద ఉంది, సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు. పలచటి కాగితం, సగం కథ, మిగతా కథను వెండితెర మీద చూడమని ఒక వాక్యం, ఆ తరువాత పాటలు. రికార్డు తుడిచి ముల్లు దించబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ముందు చదువు, తరువాత విను."

"పాట నాకు నోటికి వచ్చు."

"వస్తుంది. ఎప్పుడూ చదవలేదు కదా."

ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదే నియమం. బాణీ తలుచుకోకుండా సాహిత్యాన్ని వచనంలా పైకి చదవాలి, ఆ తరువాతే రికార్డు. "డాక్టర్ చక్రవర్తి"లోని "మనసున మనసై" అలా చదివినప్పుడు నేను గమనించింది, ఆ పాటలో అలంకారాలు ఎంత తక్కువో. మనసు, బ్రతుకు, తోడు వంటి రోజువారీ మాటలే జంటలు జంటలుగా వస్తాయి. పాట భారమంతా ఆ జంటల మీదనే నిలబడింది. 1964లో వచ్చిన ఈ పాట శ్రీశ్రీది. ఆత్రేయది అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అంతకుముందు 1957లో "తోడికోడళ్ళు"లో ఆత్రేయ రాసిన "కారులో షికారుకెళ్ళే" పాటను శ్రీశ్రీ ఖాతాలో వేసినట్టే ఇదీ. సినిమా టైటిళ్ళలో కవుల పేర్లన్నీ కలిపి వేస్తే ఏ పాట ఎవరిదో ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది? పాటల పుస్తకాలు పదిలంగా దాచిన నా స్నేహితురాలి వంటి వాళ్ళ వల్లనే ఈ లెక్కలు తేలుతున్నాయి.

ఆమె నా చేత చదివించినవాటిలో నన్ను బాగా కదిలించింది "వాగ్దానం"లోని హరికథ. 1961లో ఆత్రేయ దర్శకత్వం వహించిన సినిమా అది, సంగీతం పెండ్యాల. ఆ సీతాకల్యాణ హరికథ రాసింది శ్రీశ్రీ. విప్లవ కవి దేవుడి కథ రాయడమేమిటని ఆశ్చర్యపోతారు చాలామంది. పైకి చదివితే ఆశ్చర్యం పోతుంది. సంప్రదాయ ఛందస్సూ సంస్కృత సమాసమూ చేతిలో ఉన్న కవే వాటిని వదిలి బయటికి నడిచాడని తెలుస్తుంది. చదివాక ఘంటసాల గొంతులో వింటే ప్రతి సమాసం దగ్గర నా వెన్ను నిటారుగా అయింది.

అదే "వాగ్దానం"లో "నా కంటిపాపలో నిలిచిపోరా" దాశరథిది. ఆయన సినిమాల్లోకి వచ్చింది ఆ ఏడాదే. దాశరథి పుట్టిన చినగూడూరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, అప్పట్లో మా వరంగల్ జిల్లాయే. రైల్లో చదువుకోవడానికి నేను తెచ్చుకున్నది ఆయన ఆత్మకథ "యాత్రాస్మృతి". నిజాం పాలనకు ఎదురు నిలిచి నిజామాబాద్ జైలుకు వెళ్ళి, అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి, పుష్కరం తిరిగేసరికి మద్రాసులో ప్రేమ పాటలు రాస్తున్నాడు. మరుసటి ఏడాది, 1962లో, "గులేబకావళి కథ"తో సి. నారాయణరెడ్డి వచ్చారు. కరీంనగర్ ప్రాంతంలోని హనుమాజీపేట నుంచి హైదరాబాదు మీదుగా మద్రాసు చేరినవారాయన. ఏడాది తేడాతో ఇద్దరు తెలంగాణ కవులు తెలుగు సినిమా పాటలోకి రావడం, ఆ దశాబ్దపు భాషనే కొంత మార్చడం వరుసలో వింటేనే నాకు కనబడింది. ఉర్దూ గజల్ సొగసు, ఆ తళుకు 1961కి ముందు పాటల్లో ఇంతగా నేను వినలేదు.

మళ్ళీ ఇదే దాశరథి 1964లో "మూగమనసులు"కు "గోదారీ గట్టుంది" రాశారు. ఆ రికార్డు పెట్టినప్పుడు నా స్నేహితురాలు, "మా గోదావరి పాట రాయడానికి మీ జిల్లావాడు రావలసి వచ్చింది" అంది. సుశీల ఆ పాటలో పలికిన యాసను, చివర విసిరిన నవ్వును ఇద్దరం పక్కపక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ విన్నాం. సాయంత్రం పుష్కరఘాట్ దాకా నడిచి వెళ్ళాం. పాటల గురించి మాట్లాడుకోలేదు, ఆమె మోకాలి నొప్పి గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. స్నేహితుల ఇంటికి వెళ్ళడంలో ఆ భాగం కూడా ఉండాలి.

విజయనగరానికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. అక్కడి స్నేహితురాలు వీణ నేర్పుతుంది. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఆ ఊళ్ళోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. వారాలు చేసుకుని తిని సంగీతం నేర్చుకున్న ఘంటసాల అక్కడి విద్యార్థే, ఆయనకు దారి చూపిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. సుశీల ఆ ఊరి ఆడపిల్ల, ఆమె కూడా అక్కడే నేర్చుకున్నారు. అరవైల్లో తెలుగు ఇళ్ళలో మోగిన రెండు ప్రధానమైన గొంతులు ఒకే బడిలో గమకాలు దిద్దుకున్నాయన్న సంగతి పుస్తకంలో చదివితే ఒక సమాచారం. ఆ వరండాలో నిలబడితే, లోపల ఎవరో పిల్లలు సరళీస్వరాలు పాడుతుంటే, నాకు కళ్ళు చెమర్చాయి.

ఆమె దగ్గర ఉన్నది నాకు లేని 1963. "లవకుశ", "నర్తనశాల", "శ్రీకృష్ణార్జున యుద్ధం" మూడూ ఆ ఏడాదివే. మన మొదటి పూర్తి రంగుల సినిమా "లవకుశ". అందులో లవకుశులు పాడే పాటలు లీల, సుశీల పాడారు. ఎన్నో ఏళ్ళుగా వింటున్నా ఏది ఎవరి గొంతో విడదీసి వినడం నాకు రాలేదు. ఆమె నేర్పిన పద్ధతి చాలా సులువైనది. మాట మొదలయ్యే చోటును విను అంది. లీల మాటను నిండుగా, వెడల్పుగా అందుకుంటారు. సుశీల నేరుగా స్వరం నడుమన దిగుతారు. ఆ సాయంత్రం తరువాత ఆ రెండు గొంతులూ నాకు ఎప్పుడూ కలిసిపోలేదు.

ఇంకొకటి నేర్పింది, ఊపిరి. "నర్తనశాల"లోని "జననీ శివకామినీ" రికార్డు పెట్టి, పాటను పట్టించుకోకుండా సుశీల ఊపిరి తీసుకునే చోట్లు మాత్రమే గుర్తు పెట్టమంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాగితం మీద సాహిత్యం రాసుకుని గుర్తులు పెట్టాను. ఒక్క మాట కూడా మధ్యలో విరగలేదు. మాటకూ మాటకూ నడుమ, అర్థం ఆగిన చోటే ఊపిరి ఆగింది. వీణ మీటేవారికి ఊపిరితో పనిలేదు, అయినా తన శిష్యులకు ఈ పాట వినిపించి, మీటు ఎక్కడ పడాలో చెబుతుందట.

ఈ పాఠం నా యంత్రం పనిని కూడా మార్చింది. రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించాక చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ వాడటం మామూలు. ఉన్నదున్నట్టుగా ఒక కాపీ, శుభ్రం చేసినది ఒకటి తయారుచేసి రెండూ పక్కపక్కన వినిపించాను. శుభ్రం చేసినదాంట్లో గరగర పోయింది. ఆమె కాసేపు విని, "ఊపిరి కూడా పోయింది" అంది. నిజమే. ఆ చిన్న శ్వాస కూడా రికార్డు గరగర వంటి శబ్దమే కనుక సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి తుడిచేసింది. ఇప్పుడు నేను గీతల టపటపలను ఒక్కొక్కటిగా చేత్తో తీసి, సన్నటి గరగరను అలాగే వదిలేస్తున్నాను. ఇంటర్‌నెట్‌లో మెరుగులు దిద్ది పెట్టిన పాత పాటలు ఎందుకు గాజుబొమ్మలు పాడినట్టు ఉంటాయో తెలిసింది కూడా అప్పుడే.

చెన్నైలో నా స్నేహితురాలి ఇల్లు సాలిగ్రామంలో. ఆమె ఒక్కతే కాక, పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. అరవైల చివర నుంచి స్టూడియో వాద్యబృందాల్లో వయొలిన్ వాయించినవారు. అందరూ మాస్టారనే పిలుస్తారు. రోజూ భోజనమయ్యాక వచ్చి కూర్చునేవారు.

"మీరు గొంతు వింటున్నారమ్మా. ఈసారి గొంతును వదిలేసి వెనక ఉన్నవాళ్ళను వినండి" అన్నారు మొదటి రోజే.

ఆ రోజుల్లో రికార్డింగు ఎలా జరిగేదో ఆయన చెబుతుంటే విడివిడి ట్రాకులకు అలవాటుపడిన ఈ కాలంవారు నమ్మడం కష్టం. గాయకులు, తబలా, వేణువు, సితారు, వయొలిన్ల వరుస, అందరూ ఒకేసారి. చరణం చివర ఎవరో ఒకరు తడబడితే పల్లవి నుంచి మళ్ళీ మొదలు. కాబట్టి మనం వింటున్న ఆ కొద్ది నిమిషాలూ ఒక గదిలో ఒకసారి నిజంగా జరిగిన కొద్ది నిమిషాలు. "చివరి చరణంలో వేణువు వాయించేవాడికి గుండె దడగా ఉండేది, తప్పు చేస్తే అందరూ తనవైపే చూస్తారని" అన్నారు. ఆ మాట విన్న తరువాత ఏ పాటలోనైనా చివరి చరణం నాకు వేరుగా వినిపిస్తోంది.

1961 నాటి "జగదేకవీరుని కథ"లోని "శివశంకరీ"ని ఆయనతో కలిసి విన్నాను. దర్బారీ కానడ రాగంలో పెండ్యాల కట్టిన పాట, పింగళి నాగేంద్రరావు సాహిత్యం. ఘంటసాల ఆలాపన గురించి చెప్పనివారు లేరు. మాస్టారు చూపించింది మృదంగాన్ని. స్వరకల్పన ఊపందుకున్న కొద్దీ మృదంగం గొంతును వెంబడించడం మానేసి దానికి ఎదురు నిలబడుతుంది, కాసేపు సవాలు చేస్తుంది, చివర మళ్ళీ దారి ఇస్తుంది. కచేరీ మర్యాద అంతా ఆ కొద్ది నిమిషాల్లో ఉంది. నేను ఆ పాటను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నాను, మృదంగాన్ని విన్నది మాత్రం సాలిగ్రామంలోనే.

కె.వి. మహదేవన్ గురించి కూడా ఆయన బాగా చెప్పారు. మహదేవన్‌కు ముందు సాహిత్యం చేతికి రావాలి, దాన్ని చూశాకే బాణీ. తెలుగు తన భాష కాకపోయినా, సహాయకుడు పుహళేంది తోడుగా, మాట ఎక్కడ బరువో ఎక్కడ తేలికో పట్టుకునేవారు. "మూగమనసులు"లో ఆత్రేయ రాసిన "పాడుతా తీయగా చల్లగా" వింటే అది తెలుస్తుంది. తీయగా అన్నచోట స్వరం తొందరపడదు. సంగీత దర్శకుడికి ఇచ్చే జాతీయ పురస్కారాన్ని మొట్టమొదట, 1967కు, అందుకున్నది ఆయనే, ఒక తమిళ సినిమాకు. మరుసటి ఏడాదికి గాయనికి ఇచ్చే మొదటి జాతీయ పురస్కారం సుశీలకు వచ్చింది, అదీ తమిళ పాటకే. ఆ రెండు పురస్కారాల వెనక ఉన్న సాధనలో మన పాటల వాటా ఎంతో వరుసలో విన్న నేను గట్టిగా చెప్పగలను.

ఒక సాయంత్రం వడపళని తీసుకెళ్ళారు మాస్టారు. వాహినీ స్టూడియో ఉన్న స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. ఆయన అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు, నేనూ అడగలేదు. ఇంటికి వచ్చి "ఏకవీర" రికార్డు విన్నాం. 1969, నా వరుసలో చివరి ఏడాది. విశ్వనాథ నవల ఆధారంగా తీసిన సినిమా, నారాయణరెడ్డి దానికి సంభాషణలు కూడా రాశారు. కృష్ణశాస్త్రి రాసిన "ప్రతిరాత్రి వసంతరాత్రి"ని అందులో ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం కలిసి పాడారు. బాలు మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న, కోదండపాణి సంగీతంలో. అంటే పాడటం మొదలుపెట్టి మూడేళ్ళయిన గాయకుడు ఘంటసాల పక్కన నిలబడ్డాడు. 1960 నుంచి వరుసలో వింటూ అక్కడికి చేరితే ఆ లేత గొంతులోని భయం, ఆ పెద్ద గొంతులోని ఓర్పు రెండూ వినిపిస్తాయి. ఘంటసాల ఎక్కడా పోటీ పడలేదు. మాస్టారు ఆ పాట అయ్యేదాకా కళ్ళు మూసుకునే ఉన్నారు.

ఇంత తిరిగి, ఇంత విన్న తరువాత ఆ దశాబ్దం ఎవరిదన్న ప్రశ్న మా నలుగురి మధ్య లేచింది. రాజమండ్రి ఓటు మహదేవన్‌కు, సాహిత్యాన్ని అంతగా గౌరవించాడు కనుక. మాస్టారు ఘంటసాల అంటారు, గాయకుడిగా కాదు, సంగీత దర్శకుడిగా. "రహస్యం"లో మల్లాది రామకృష్ణశాస్త్రి రాసిన "గిరిజా కళ్యాణం" యక్షగానానికి ఆయన చేసిన సంగీతం ఒక్కటి చాలంటారు. విజయనగరం నుంచి సాలూరి రాజేశ్వరరావు పేరు తప్ప ఇంకో పేరు రాదు. సాలూరు వాళ్ళకు కూతవేటు దూరం. అయినా ఆమె వాదన ఊరి అభిమానంతో చేసేది కాదు, వీణ తీసి మరీ నిరూపిస్తుంది.

నేను పెండ్యాల పక్షం. 1960లో "శేషశైలావాస", 1961లో "శివశంకరీ", అదే ఏడాది "పాడవోయి భారతీయుడా". 1962లో "మహామంత్రి తిమ్మరుసు"కు "మోహన రాగమహా", 1963లో "శ్రీకృష్ణార్జున యుద్ధం"కు "మనసు పరిమళించెనే". చివరి రెండూ ఒకే కవి పింగళి రాసినవి, ఘంటసాల, సుశీల పాడినవి, రెండూ మోహనలోనే. ఒకటి రాజసభలో కొలువుదీరినట్టుంటుంది, మరొకటి తోటలో పరిగెత్తుతుంది. ఒకే రాగంతో ఏడాది తేడాలో ఇంత దూరం నడిచినవారిని నేను ఇంకొకరిని వినలేదు. విజయనగరం ఒప్పుకోవడం లేదు. తన "కులగోత్రాలు" రికార్డు తీసుకుని వచ్చే నెల హనుమకొండ వస్తానని, రాజేశ్వరరావు బాణీని నా ఎదుట వాయించి చూపిస్తానని నిన్న ఫోను చేసింది.